దక్కలి పటం ఎవరి సొత్తు?

1933లో తెరుచుకున్న విశాఖ రేవులో ఓడెక్కే ప్రతి సరుక్కీ ఒక కాగితం వుంటుంది. ఎవరు పంపారు, ఎవరికి చేరాలి, అన్నీ అందులో రాసి వుంటాయి. మన కులాల కళ చేతులు మారినప్పుడు మాత్రం అలాంటి కాగితం పుట్టలేదు. తెలంగాణ మాదిగవాడల్లో దక్కలివాళ్లు విప్పి చూపిన జాంబపురాణం పటం సంగతి చూస్తే యిది అర్థమవుతుంది.

యీ పటాలు వేసింది నకాషీ చిత్రకారులు. పాత వరంగల్ జిల్లాలో వుండి, యిప్పుడు సిద్దిపేట జిల్లాలో చేరిన చేర్యాల వీళ్లకు పేరుపడ్డ వూరు. గుడ్డకు సుద్ద, చింతగింజల అంబలి, జిగురు పట్టించి, ఎర్రటి నేలమీద కథంతా వరసలు వరసలుగా దించేవాళ్లు. పద్మశాలీల కోసం కూనపులివాళ్లు చెప్పే మార్కండేయ పురాణమైనా, చాకళ్ల మడేలు పురాణమైనా వేసింది యీ చేతులే. జాంబపురాణం లెక్క చూస్తే, బొమ్మ నకాషీది, పటం వేయించుకున్నది దక్కలి, కథ మాదిగలది. కళ్లు దిద్దే తంతు అయ్యాకే పటం కథకుడి చేతికి వచ్చేది. ఏ వూళ్లలో ఏ కుటుంబం కథ చెప్పాలో ఆ హక్కు తండ్రి నుంచి కొడుక్కి దిగేది. చినిగిన పటాన్ని అమ్ముకునేవారు కాదు, పూజ చేసి నీళ్లలో కలిపేవారు. అంటే పటం విడిగా అమ్మే వస్తువు కాదు. వూళ్ల మీది హక్కుకి అది గుర్తు.

యీ బొమ్మ మీద తగవు కూడా వుంది. భూమి పుట్టకముందే జాంబవంతుడు పుట్టాడంటుంది పురాణం. బ్రాహ్మణీయ సృష్టి కథని యింతకంటే సూటిగా ఎదిరించిన మాట అరుదు. కాని అదే పురాణంలో కామధేనువు చావు, దాని మాంసం, చెన్నయ్య చేసిన తప్పు, దానివల్ల కులం కిందికి జారడం కూడా వున్నాయి. 1909లో అచ్చయిన థర్స్టన్ సంపుటాల్లోనూ యీ కథ కనిపిస్తుంది. 1994 జులై 7న ఈదుమూడిలో దండోరా మొదలయ్యాక జాంబవంతుడు ఆత్మగౌరవానికి గుర్తయ్యాడు. ఆవు కథని మాత్రం మనవాళ్లు చాలామంది దాటేస్తున్నారు. దాటేయకూడదని మా అభిప్రాయం. ఎదిరింపూ, లొంగుబాటూ ఒకే గుడ్డ మీద వున్నాయి. సగం చింపి చూపిస్తే అది చరిత్ర కాదు.

సినిమాలూ టీవీలూ వచ్చాక కథ వినేవాళ్లు తగ్గారు. పటాలు సేకర్తల దగ్గరికి, మ్యూజియాలకు పోయాయి. హైదరాబాదులోని జగదీశ్, కమలా మిత్తల్ మ్యూజియంలో తెలంగాణ పటాలున్నాయి. వాటిమీద 2014లో పుస్తకం కూడా వచ్చింది. సేకరించినవాళ్లు కాపాడకపోతే చాలా పటాలు మిగిలేవి కావు, ఆ మాట ఒప్పుకోవాలి. కాని గోడకెక్కిన పటానికి రాత్రి లేదు, దీపం లేదు, చెప్పే గొంతు లేదు. 2003లో అమల్లోకి వచ్చిన భౌగోళిక సూచికల చట్టం కింద చేర్యాల బొమ్మలకు గుర్తింపు దొరికింది. ఆ గుర్తింపు వూరి పేరుకీ, వేసే పద్ధతికీ. కథ చెప్పినవాడి హక్కుకి అందులో చోటెక్కడ?

యిక మన యింటి సంగతి. దక్కలివాళ్లు అడుక్కోవాల్సింది మాదిగల దగ్గరే, అయినా మాదిగ గడప లోపలికి రానివ్వలేదు. అంటరానివాళ్లకి అంటరానివాళ్లుగా వూరి బయట గుడారాల్లో వుంచాం. షెడ్యూల్డు కులాల జాబితాలో 'దక్కల్' అని పేరు మాత్రం వుంది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య దక్కలి బిడ్డే. 2022లో ఆయనకి పద్మశ్రీ వచ్చినప్పుడు మనమంతా చప్పట్లు కొట్టాం. చప్పట్లతో బాకీ తీరదు.

మ్యూజియాలని మేము అడిగేది పెద్దదేం కాదు. ప్రతి పటం కింద చిత్రకారుడి కులం, వూరుతో పాటు కథ చెప్పిన కుటుంబం పేరు కూడా రాయాలి. పేరు తెలియకపోతే దక్కలివాళ్లనే అడగాలి. పటానికి నకలు తీసి వాళ్లకి తిరిగివ్వాలి. అమ్మకంలో, అచ్చులో వాటా వుండాలి. మనల్ని మనం అడుక్కోవాల్సింది యింకొకటి వుంది. సభల్లో జాంబవంతుడి బొమ్మ ఎత్తుకుంటున్నాం సరే, ఆ బొమ్మని యిన్నాళ్లూ భుజాన మోసినవాడిని యింట్లోకి పిలిచి పీట వేశామా? అది జరగనంతకాలం పటం మీద మన హక్కు కూడా మ్యూజియం హక్కులాంటిదే.