టెంక చెప్పే చరిత్ర



పండు తింటాము, టెంక పారేస్తాము. చరిత్రకు మిగిలేది ఆ టెంకే. ఉత్తర జర్మనీలో హైథాబు అని వైకింగుల వర్తక పట్టణం ఉండేది. 1066లో నాశనమైంది. అక్కడి తడి మట్టిలో ప్లమ్ పండ్ల టెంకలు చెడకుండా నిలిచాయి. కార్ల్ ఎర్న్‌స్ట్ బెహ్రే అనే శాస్త్రవేత్త వాటిని ఆకారాన్నిబట్టి రకాలుగా విడదీసి 1978లో ప్రచురించారు. అడవి జాతి టెంక చిన్నది, ఇంచుమించు గుండ్రం. తోట రకాలది పొడుగు, చపట. పండు రంగు, రుచి ఎప్పుడో పోయాయి; టెంకను చూసి చెట్టు జాతి చెప్పారు.

అయితే ఒక్క టెంకతో తేల్చకూడదు. ఒకే చెట్టు కాయల్లోనూ తేడాలుంటాయి. చాలా టెంకలు కొలిస్తేనే లెక్క కుదురుతుంది.

తమిళనాట తరతరాలుగా ఉన్న మన తెలుగూ అంతే. బడిలో ఇలందై అన్నాము, ఇంట్లో రేగుపండు అన్నాము. యాస మారింది, తమిళం కలిసింది. లోపలి ఇంటిమాటలు గట్టిగా నిలిచాయి. ఒక్క ఇంటి మాటలు చాలవు. వంట, వరస, పంట మాటలు ఇంటికి పదేసి రాసి సంఘానికి ఇవ్వండి. అడగడానికి మన అవ్వలు ఉన్నప్పుడే.