గుంటూరు సీమ పొగాకు: చరిత్ర, కట్టడము, చిత్రము, రోగము

తెలుగున ‘పొగాకు’ అచ్చమైన దేశ్యసమాసము. పొగ, ఆకు అను రెండు మాటలును ఈ నేలవే. అనాస, బొప్పాయి అను పండ్లు తమ పరదేశ నామములను కొలది మార్పుతో వెంట తెచ్చుకొన్నవి. హిందీవారి ‘తంబాకు’లో నేటికిని పరభాషాధ్వని వినబడుచున్నది. తెలుగువాడు మాత్రము పొగాకునకును, దానివలెనే అమెరికా ఖండమునుండి వచ్చిన మిరపకాయకును తన మాటలనే పెట్టుకొనెను. ఈ రెండు పంటలును ప్రత్తితోపాటు పర్చూరు ప్రాంతపు నల్లరేగడి నేలలలో ఎంతగా కుదురుకొన్నవనగా, ఐదువందల యేండ్లక్రిందట ఇవి ఈ దేశమున లేవనిన నమ్ముట కష్టము.

దేశ్యనామము వలన మేలుతోపాటు ఒక చిక్కును కలిగినది. గోదావరి లంకలలో పెరిగిన చుట్టాకును పొగాకే. గుంటూరు సీమలో వేడిగదియందు ఆఱిన సిగరెట్టు ఆకును పొగాకే. సున్నముతో నలిపి దవుడను పెట్టుకొనునదియు పొగాకే. చరిత్రకారుడు ఈ భేదము పాటింపక వ్రాసినచో అతని కాలనిర్ణయము చెడును. వైద్యుడు పాటింపనిచో రోగకారణము అంతుపట్టదు. ఏ ఆకు, ఎట్టి కట్టడములో ఆఱినది, నోట ఏ కొన వెలిగినది అను మూడు ప్రశ్నలకును కలిపి సమాధానము వెదకినగాని ఆంధ్రదేశపు పొగాకు చరిత్ర తేలదని మా అభిప్రాయము.

ఇచట గుంటూరు సీమ యనగా పాత గుంటూరు జిల్లా. పర్చూరు 1970 వఱకు అందులోనిది. తరువాత ఒంగోలు జిల్లాలో చేరినది. ఆ జిల్లాకు 1972లో ప్రకాశము పేరు వచ్చినది. 2022 నుండి పర్చూరు బాపట్ల జిల్లాలోనున్నది. జిల్లాల హద్దులు మాఱినను నల్లరేగడి మాఱలేదు కావున పాత పేరునే వాడుచున్నాము.

పొగాకు దక్కనునకు మొగలు రాజధానికంటె ముందుగనే వచ్చినది. అక్బరు కొలువునందలి అసద్ బేగు 17వ శతాబ్ది తొలియేండ్లలో బిజాపురమునుండి పొగాకును, పొగగొట్టమును కొనిపోయి ప్రభువునకు సమర్పించిన వృత్తాంతమును తానే వ్రాసియుంచెను. వైద్యుడు వారించినను అక్బరు కొంచెము రుచి చూచెనట. 1617లో జహంగీరు దానిని నిషేధించెను. ఆ నిషేధ మెంతవఱకు సాగినదో నేటి చుట్టల దుకాణములే చెప్పగలవు.

మన తీరమునకు సంబంధించినంతవఱకు థామస్ బౌరీ వ్రాత విలువైనది. ఈ నావికుడు 1669–1679 నడుమ బంగాళాఖాతపు రేవులలో తిరిగెను. కోరమాండల్ తీరమున బీదలు ఆకునే చుట్టగా చుట్టి, ఒక కొన వెలిగించి, రెండవ కొనను పెదవులనడుమ నుంచుకొందురని ఆయన వర్ణించెను. పోర్చుగీసువారు దానిని ‘చెరూటా’ అందురనియు చెప్పెను. ఆంగ్లమునందలి ‘చెరూట్’ తమిళ ‘చురుట్టు’నుండి పుట్టినది, తెలుగు ‘చుట్ట’ వలెనే అదియు చుట్టుట యను పనినుండి వచ్చిన పేరు. పెక్కుమంది ఈ వాక్యమును చెరూట్ శబ్దము కొఱకే ఉదాహరింతురు. మాకు ముఖ్యమైనది రెండవ అంశము: బౌరీ చూచిన చుట్టకు నిప్పు నోటి వెలుపలనున్నది. దీని అవసరము ముందు తెలియగలదు.

లంకపొగాకు చుట్టల కీర్తి ఐరోపావఱకు ప్రాకినది. 1890లో వెలువడిన ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ నవలలో షెర్లాక్ హోమ్సు బూడిదను బట్టి పొగాకును గుర్తుపట్టు తన నేర్పును చెప్పుకొనుచు ‘లంకా’ చుట్టను పేర్కొనును. గోదావరి నడుమనున్న ఇసుకతిన్నె పేరు లండను అపరాధపరిశోధకుని నోట పలుకుట తెలుగు విద్యార్థికి వినోదము గొలుపు విషయమే. మన సాహిత్యమున ‘కన్యాశుల్కము’ గిరీశము చుట్టను స్తుతించు చాటువును చదువును. ఆ పాత్ర ఆంగ్లవిద్యను డాంబికముగ ప్రదర్శించినను కాల్చునది సిగరెట్టు కాదు, చుట్ట. సిగరెట్టు ఆకు అప్పటికి ఆంధ్రదేశమున పండలేదు.

ఆ ఆకు వచ్చినది 1920 తరువాత. ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ 1912లో ఏర్పడినది. గుంటూరు ప్రాంతమున వర్జీనియా రకముతో చేసిన ప్రయత్నములు 1928 నాటికి ఫలించి, గొట్టపు వేడితో ఆకును ఆఱబెట్టు పద్ధతి స్థిరపడినది. వానలు వెడలిన పిమ్మట నాటి, నీరు పెట్టకయే నల్లరేగడి దాచుకొన్న తడితో శీతకాలమున పండింపగల పంట ఇది. 1936లో గుంటూరున సిగరెట్టు పొగాకు పరిశోధన ఉపకేంద్రమును, 1947లో రాజమహేంద్రవరమున కేంద్ర పొగాకు పరిశోధనాలయమును, 1976లో గుంటూరు కేంద్రముగ పొగాకు బోర్డును వెలసినవి. ఈ తేదీలు ప్రభుత్వ నివేదికలలో దొరకును. కాని ఆ పంట నేలమీద నిలిపిన గుర్తు నివేదికలలో లేదు, కట్టడములలోనున్నది.

ఆ కట్టడమునకు రైతులు పెట్టిన పేరు ‘బ్యారన్’. ఆంగ్లమున ‘బార్న్’ ధాన్యమును, గడ్డిని దాచు కొట్టము. ధాన్యమునకు మనకు గాదె, పాతర యున్నవి కావున ఆ అర్థముతో మనకు పనిలేదు. అమెరికాలో పొగాకు ఆఱబెట్టు ఇంటికి ఆ పదమునే వాడిరి. గుంటూరు సీమకు ఆ ఒక్క అర్థమే దిగుమతియైనది. అర్థసంకోచమునకు ఇంత తేటయైన ఉదాహరణము, ఇంచుమించు యేడాది తేదీతో సహా, భాషాచరిత్ర విద్యార్థికి తఱచుగా దొరకదు.

బ్యారన్ సామాన్యముగ పదునాఱడుగుల చదరపు గది. పదునాఱు ఇరువదినాలుగు అడుగుల కొలతలు గలవియు కలవు. వెడల్పునకు సమానమైన ఎత్తు. కిటికీలు లేవు, గాలి లోనికి వచ్చుటకు క్రింద, ఆవిరి వెడలుటకు పైన మూయను తెఱవను వీలైన రంధ్రములు మాత్రముండును. దూరమునుండి చూచినవానికి పైయంతస్తు తలుపులు మఱచిన మేడవలె కనబడును. లోన అడుగునుండి కప్పువఱకు అంతరువులుగ వాసములు. ఆకులు కట్టిన కఱ్ఱలను ఆ వాసములమీద వ్రేలాడదీయుదురు. పొయ్యి గోడకు వెలుపల. దానినుండి లావైన ఇనుపగొట్టములు నేలవెంట గదిని చుట్టి వచ్చి, పొగను చిమ్నీగుండ బయటికి పంపును. గది వేడెక్కునది గొట్టపు వేడిమివలననే.

ఐదు దినములు, కొంచెము ఇంచుమించుగ, ఈ పొయ్యి ఆఱరాదు. మొదట 32–38 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిలో తేమ నిలిపి ఆకును పండించి పసుపు రంగు తెప్పింతురు. పిదప తేమను విడుచుచు వేడిమి పెంచి ఆ రంగును నిలుపుదురు. ఆపై ఆకును, చివరకు 70 డిగ్రీల ప్రాంతమున నడిమి ఈనెను ఆఱబెట్టుదురు. త్వరపడిన పచ్చ మిగులును, ఆలసించిన నలుపెక్కును. పంటకాలమంతటి శ్రమ ఈ ఐదురాత్రులలో నిలుచునో చెడునో తేలును. కావున బ్యారన్‌ను గిడ్డంగి యనరాదు. దేవాలయమునందు గర్భగృహపు కొలత విగ్రహమును బట్టి వచ్చినట్లు ఇందు ప్రతి కొలతయు ఆకు స్వభావమును బట్టి వచ్చినది. మనిషికొఱకు చేసిన వసతి ఇందేమియు లేదు. మన వాస్తుచరిత్రకారులు శాతవాహన స్తూపములను, కాకతీయ మండపములను అంగుళము వదలక కొలిచిరి. ఇరువదవ శతాబ్దిలో మన పల్లెలలో లేచిన ఈ క్రొత్త కట్టడపు జాతికి తగిన మర్యాద లభింపలేదు.

ఈ కట్టడమునందలి ముఖ్యధర్మము ఒకటి గమనింపదగినది. ఆకు పేరు పొగాకు. అయినను అది ఆఱునపుడు పొగ తగులరాదు. గొట్టమున్నది అందులకే. ఈ విషయము రోగచర్చకు మరల వచ్చును.

చిత్రకళ ఈ చరిత్రలో ఉపకరించునదియు, దారి తప్పించునదియు. దక్కను చిత్రములలో 17, 18 శతాబ్దులలో హుక్కా విరివిగ కనబడును. బీదరు పనివారు నల్లని లోహముమీద వెండి పొదిగి చేసిన హుక్కా కుదుళ్లు మ్యూజియములలో నున్నవి. వీనిని బట్టి పొగాకు దర్బారుల విలాసమని తలచుట సులభము. కాని చిత్రకారుడు తనకు కూలి యిచ్చువానినే చిత్రించును. చుట్ట కాలిన పిదప మ్యూజియమునకు మిగులునది లేదు. ఇక నిప్పుకొనను నోటిలోపల నుంచుకొని పీల్చు స్త్రీని చిత్రించిన నేమి కనబడును? నిప్పు కనబడదు, మూసిన పెదవులనడుమ ఆకు తుద మాత్రము. చూడనేర్వనివాడు ఆమె ఏదో నమలుచున్నదనుకొనును. చిత్రసాక్ష్యమున లేదు గనుక ఆచారమే లేదని వాదించువారు ఈ మాట యోచింపవలెను.

ఈ ఆచారమునకు ఉత్తరాంధ్ర తీరమున ‘అడ్డపొగ’ యని పేరు. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతముల పల్లెలలో, ముఖ్యముగ స్త్రీలలో, ఇది వ్యాపించినది. గాలికిని నీటితుంపరకును నిప్పు ఆఱకుండుటకు పడవవాండ్రును చాకలివారును ఆరంభించిరని ఒక వివరణము. పెద్దలయెదుట చుట్ట దాచుటకని మఱొకటి. రెండును ఊహలే. బౌరీ దీనిని చెప్పకుండుటవలన 17వ శతాబ్దిలో ఇది లేదని తేల్చుటయు ఊహయే యగును. ఆయన చూచినది రేవులు, ఇంటిలోని స్త్రీలను కాదు.

రోగమును గూర్చి మాత్రము ఊహతో పనిలేదు. నోటి పైకప్పు క్యాన్సరు ప్రపంచమున అరుదైనది. ఈ తీరమున అరుదు కాదు. బొంబాయి టాటా స్మారక వైద్యశాలలో ఖనోల్కరు, సూర్యాబాయి 1945లో ఆచారములకును క్యాన్సరునకును గల సంబంధమును చర్చించుచు చుట్టకును అంగిటి క్యాన్సరునకును ముడి చూపిరి. 1957లో గోవిందరెడ్డి, కామేశ్వరరావు ప్రకటించిన వ్యాసము నిప్పుకొన లోపల నుంచి కాల్చుటయే తీరాంధ్రమునందలి ఈ రోగమునకు హేతువని శీర్షికలోనే చెప్పినది. పిండ్‌బోర్గ్, మెహతా ప్రభృతులు 10,169 మంది గ్రామీణుల నోళ్లను పరీక్షించి 1971లో ఫలితములను ప్రకటించిరి. 1986 నాటికి శ్రీకాకుళము, ఎర్నాకుళము, భావనగరము జిల్లాలలో 36,000 మంది పొగాకు వాడుకరులతో జరిగిన అధ్యయనము, ఇల్లిల్లు తిరిగి నచ్చజెప్పినచో అలవాటు తగ్గునని చూపినది. నచ్చజెప్పవలెనన్న ముందు ఆ అలవాటును ఆ ఊరివారు ఏ పేరుతో పిలుతురో తెలియవలెను. పొగాకు వాడుదువా యని అడిగిన చాలదు. అడ్డపొగయా, మామూలు చుట్టయా యని అడుగవలెను. జీవశాస్త్రమునకు భాషాశాస్త్రము తోడుపడు తావు ఇదియే.

పాతగ్రంథములు చదువు పరిశోధకులకు ఇచటనే ఒక హెచ్చరిక. ‘రాచపుండు’ కనబడినంతనే క్యాన్సరని వ్రాయరాదు. మధుమేహము కలవారికి వీపున లేచు పెద్దకురుపునకును అదే పేరు. పదమునుబట్టి రోగమును కాక, వర్ణించిన లక్షణములనుబట్టి నిర్ణయింపవలెను.

కణములో జరుగునదేమి? ఆకు కాలునపుడు పుట్టు బెంజోపైరీను శరీరములో మాఱి డి.ఎన్.ఏ.కు అంటుకొనును. ఊపిరితిత్తుల క్యాన్సరులో పి53 జన్యువు తఱచుగ చెడు తావులయందే అది అంటుకొనునని 1996లో నిరూపితమైనది. ఇది ఏ పొగాకునకైనను చెల్లును. రెండవ జాతి విషములు పొగాకునకే ప్రత్యేకమైన నైట్రోసమీనులు. ఇవి పచ్చియాకులో అత్యల్పము. ఆకు ఆఱునపుడు నికోటిను మొదలగు క్షారములు నత్రజని సమ్మేళనములతో కలియగా పెరుగును. వీనిలో ఎన్.ఎన్.ఎన్., ఎన్.ఎన్.కె. అను రెంటిని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ మానవులకు క్యాన్సరు కలిగించునవిగ నిర్ణయించినది.

బ్యారన్ గొట్టమును ఇపుడు స్మరింపవలెను. అమెరికాలో 1970 తరువాత పెక్కు బ్యారన్లలో గొట్టములు తీసివేసి, వాయువును మండించి ఆ వేడిగాలిని నేరుగ ఆకుమీదికి వదలిరి. మంటలోని నత్రజని ఆక్సైడులు ఆకును తాకి నైట్రోసమీనులు పెరిగినవి. ఆ సంగతి తెలిసి, 2000 ప్రాంతమున మరల మంటను ఆకునుండి వేఱుచేయు ఏర్పాట్లు పెట్టిరి. గుంటూరు ఇనుపగొట్టము చేయు పని అదియే. దీనివలన గుంటూరు ఆకు నిరపాయమని యెవరును తలపరాదు. వెలిగించినంతనే తక్కిన విషములన్నియు పుట్టును. అయినను ఒక కట్టడమున గొట్టముండుటయు లేకుండుటయు కణమునందలి రసాయనమును మార్చినదన్న సత్యము వాస్తుచరిత్రకును వైద్యమునకును ఉమ్మడి సొత్తు.

నల్లరేగడిలో వర్జీనియా సేద్యము తగ్గి తేలికనేలలవైపు జరిగినందున, ఈ భాగమున పనిలేని బ్యారన్ల ఇటుకలు ఇతర కట్టడములకు పోవుచున్నవి. భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశపు వ్యవసాయ సంపుటము ఊరూర తిరిగి పదములను సేకరించు పద్ధతిని చూపినది. పర్చూరు, ఇంకొల్లు, చీరాల ప్రాంతములలో పొయ్యి కాచినవారిని, కఱ్ఱలకు ఆకు కట్టిన స్త్రీలను అదే పద్ధతిలో కలిసికొని, గదిలోని అంతరువులకును, గొట్టపు వంపులకును, ఆకు రంగులకును వారు వాడిన పేర్లను, నిలిచియున్న ప్రతి బ్యారన్ కొలతలను, పొయ్యిలో వేసినది కట్టెయో బొగ్గో, గొట్టము పగిలిన రాత్రి పొగ తగిలిన ఆకును ఏమిచేసిరో వ్రాసికొనవలసియున్నది. శ్రీకాకుళమున ఆ పని చేయువారు అడ్డపొగను తల్లి కూతునకు ఏ యీడున, ఏ మాటలతో నేర్పెనో అడుగవలెను.