నాన్న చదివిన కాలేజీలో సీటు

తల్లో తండ్రో హార్వర్డ్‌లో చదివి ఉంటే పిల్లలకు అక్కడ సీటు రావడం ఎంత తేలిక? ఆ యూనివర్సిటీ అడ్మిషన్ల మీద నడిచిన కోర్టు కేసులో ఈ లెక్క బయటపడింది. 2014 నుంచి 2019 దాకా పట్టా తీసుకునే బ్యాచ్‌లకు దరఖాస్తు పెట్టిన అలాంటి పిల్లల్లో దాదాపు 34 శాతం మందికి సీటొచ్చింది. మిగతావాళ్లలో 6 శాతం మందికే. దీన్ని అమెరికాలో లెగసీ అడ్మిషన్ అంటారు. కాలేజీ ఎంత పాతదో ఈ ఆచారమూ అంత పాతదనుకుంటాం. హార్వర్డ్ పుట్టింది 1636లో. ఈ పద్ధతి వయసు మాత్రం సుమారు నూరేళ్లే.

అంతకుముందు దీని అవసరమే పడలేదు. హార్వర్డ్ లాంటి కాలేజీలు పెట్టే ప్రవేశ పరీక్ష గట్టెక్కితే చాలు, దాదాపు అందరికీ చోటుండేది. ఖరీదైన ప్రైవేటు బడుల్లో చదివిన సంపన్నుల కొడుకులే ఎక్కువగా రాసేవారు, వాళ్లే చేరేవారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన యూదుల పిల్లలు ప్రభుత్వ బడుల్లో చదివి అదే పరీక్ష రాశారు. మంచి మార్కులు తెచ్చుకున్నారు. 1900లో హార్వర్డ్‌లో 7 శాతం ఉన్న యూదు విద్యార్థులు 1922 నాటికి 21 శాతం దాటారు.

యాజమాన్యాలకు అది మింగుడుపడలేదు. హార్వర్డ్ అధ్యక్షుడు లోవెల్ 1922లో యూదులకు పరిమితి పెడదామన్నాడు. అధ్యాపకుల కమిటీ ఒప్పుకోలేదు. కోటా అనే మాట బయటికి అనకుండానే పని జరిగే దారి వెతికారు. మార్కులతో పాటు నడవడి, వ్యక్తిత్వం చూస్తామన్నారు. అప్లికేషన్‌కు ఫొటో జతచేయమన్నారు. పూర్వ విద్యార్థుల కొడుకులకు ముందు వరుస ఇచ్చారు. కనీస అర్హత ఉంటే చాలు, సీట్ల పరిమితి కారణంగా తమ పూర్వ విద్యార్థి కొడుకును కాదనకూడదని యేల్ యూనివర్సిటీ 1925లో తీర్మానించింది. తండ్రి ఆ గడప తొక్కని కుర్రాడికి ఈ నియమం అడ్డుగోడ అయింది. అందులో యూదు అన్న మాటే లేదు. సామాజిక శాస్త్రవేత్త జెరోమ్ కారబెల్ ఆ కాలేజీల పాత కాగితాలు తవ్వి 2005లో ఈ చరిత్రంతా పుస్తకంగా తెచ్చాడు.

యూదుల మీద ఆంక్షలు క్రమంగా పోయాయి. లెగసీ మిగిలింది. 1960ల్లో యేల్ అడ్మిషన్ల అధికారి ఇన్‌స్లీ క్లార్క్ దాన్ని తగ్గించబోతే పూర్వ విద్యార్థులు భగ్గుమన్నారు. విరాళాలు ఆగిపోతాయన్నదే అప్పటి నుంచీ వినిపించే వాదన. ఆ వాదన నాకు నమ్మదగినదిగా లేదు. ఎమ్ఐటీ, కాల్‌టెక్ ఈ పద్ధతి లేకుండానే నడుస్తున్నాయి. జాన్స్ హాప్కిన్స్ 2014లో మానేసింది. అక్కడ చేరేవారిలో లెగసీ పిల్లలు 2009లో 12.5 శాతం, 2019లో 3.5 శాతం. ఆ యూనివర్సిటీ మూతపడలేదు, పేరూ తగ్గలేదు.

చదువుకున్నవాళ్ల పిల్లలు సహజంగానే బాగా చదువుతారు కదా అంటారు. ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం 2023లో ఆ మాటనే పరీక్షించింది. పేరున్న పన్నెండు కాలేజీల్లో, అత్యంత సంపన్నులైన ఒక శాతం కుటుంబాల లెగసీ పిల్లలకు, అంతే స్కోరున్న సగటు విద్యార్థి కంటే ఐదింతల అవకాశం దక్కుతోందని తేల్చింది. అదే ఏడు జాతి ఆధారంగా అడ్మిషన్లలో ఇచ్చే ప్రాధాన్యాన్ని అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. తండ్రి పట్టాకు ఇచ్చే ప్రాధాన్యం జోలికి పోలేదు.

రాష్ట్రాలు కదులుతున్నాయి. 2021లో కొలరాడో ప్రభుత్వ కాలేజీల్లో దీన్ని రద్దు చేసింది. 2024లో మేరీలాండ్, కాలిఫోర్నియా ప్రైవేటు కాలేజీలకూ నిషేధం పెట్టాయి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ మాత్రం ఆ నిషేధం తనకు వర్తించకుండా రాష్ట్ర స్కాలర్‌షిప్పుల డబ్బు వదులుకుని మరీ పాత పద్ధతినే అట్టిపెట్టుకుంది.

ఇది మనకు సంబంధం లేని గొడవ కాదు. ఎమ్మెస్ చదవడానికి అమెరికా వెళ్లి అక్కడే స్థిరపడిన తెలుగువాళ్లలో చాలామంది చదివింది అక్కడి రాష్ట్ర ప్రభుత్వ యూనివర్సిటీల్లో. వాళ్ల పిల్లలు హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలకు అప్లై చేసినప్పుడు వెనక ఏ అండా లేదు. ఎంసెట్‌లోనూ జేఈఈలోనూ ర్యాంకు చూసే, నాన్న కాలేజీ అడగని వ్యవస్థలో పెరిగిన తల్లిదండ్రులకు అది అన్యాయమని వేరే చెప్పనక్కర్లేదు. కానీ ఆ పిల్లల్లో కొందరు ఇప్పుడు హార్వర్డ్, యేల్ పట్టాలతో బయటికొస్తున్నారు. రేపు వాళ్ల పిల్లలకు ఈ ముందు వరుస దొరుకుతుంది. దొరికాక కూడా దీన్ని ఎత్తేయమనే అడగండి.