అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయ చరిత్ర శాఖ

అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయ చరిత్ర శాఖ ఉత్తర ప్రదేశ్ రాష్ట్రంలోని అలీగఢ్ నగరంలో ఉన్నది. మధ్యయుగ భారతదేశ చరిత్ర, ముఖ్యంగా మొఘలుల కాలపు ఆర్థిక, పాలనా చరిత్ర ఈ శాఖకు ప్రసిద్ధి తెచ్చిన పరిశోధనా రంగాలు.

నేపథ్యం

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ 1875లో నెలకొల్పిన విద్యాసంస్థ 1920లో విశ్వవిద్యాలయంగా రూపొందినది. మొహమ్మద్ హబీబ్, సయ్యద్ నూరుల్ హసన్ మొదలైన ఆచార్యులు రాజుల యుద్ధాలకు, వంశావళులకు పరిమితమైన చరిత్ర రచనను సమాజం, భూమి, శిస్తుల వైపు మళ్ళించారు.

పరిశోధనా రంగాలు

వ్యవసాయ చరిత్ర: ఇర్ఫాన్ హబీబ్ రచించిన "ది అగ్రేరియన్ సిస్టమ్ ఆఫ్ మొఘల్ ఇండియా" 1963లో వెలువడినది. జాగీర్దారులను తరచుగా బదిలీ చేయుట వలన వారికి భూమి బాగోగులపై శ్రద్ధ లేకపోయినదనీ, శిస్తు భారంతో రైతులు ఊళ్ళు విడిచారనీ, తిరుగుబాట్లు చేశారనీ, ఇదే సామ్రాజ్య పతనానికి దారితీసినదనీ ఇందులోని ప్రధాన వాదం.

పాలకవర్గ చరిత్ర: ఔరంగజేబు కాలపు మన్సబుదారుల జాబితాలను కూర్చి, ఎం. అతహర్ అలీ 1966లో గ్రంథం ప్రచురించారు.

గణాంక చరిత్ర: "ఐన్-ఇ-అక్బరీ"లోని అంకెల ఆధారంగా షిరీన్ మూస్వీ మొఘల్ ఆర్థిక వ్యవస్థను అంచనా వేశారు (1987).

చారిత్రక భూగోళం: ఇర్ఫాన్ హబీబ్ రూపొందించిన మొఘల్ సామ్రాజ్య పటాల సంపుటి 1982లో వచ్చినది.

పురాతత్వం: ఆర్.సి. గౌర్ ఆధ్వర్యంలో ఏటా జిల్లాలోని అత్రంజీఖేడాలో త్రవ్వకాలు జరిగినవి. అక్కడ ప్రాచీన ఇనుప పనిముట్లు లభించినవి.

గోల్కొండ ఆధారం, విమర్శలు

పంచడానికి జాగీర్లు చాలకపోవుట మొఘలుల సంక్షోభానికి ఒక కారణమని ఈ సంప్రదాయపు చరిత్రకారులు భావించారు. అమెరికా చరిత్రకారుడు జాన్ రిచర్డ్స్ 1975లో గోల్కొండ పాలనపై వ్రాసిన గ్రంథంలో దీనిని ప్రశ్నించారు. 1687లో గోల్కొండను జయించిన పిమ్మట ఔరంగజేబు సారవంతమైన భూములను జాగీర్లుగా పంచక ఖాల్సాగా, అనగా నేరుగా ఖజానాకు శిస్తు చేరే భూములుగా, ఉంచుకొన్నాడనీ, కనుక ఆ కొరత చక్రవర్తి విధానం వలన ఏర్పడినదేననీ ఆయన వాదన. ఢిల్లీ గురించిన సిద్ధాంతానికి తెలుగునేల ఈ విధంగా పరీక్షాస్థలమైనది.

ముజఫర్ ఆలం 1986లో అవధ్, పంజాబు ప్రాంతాలను పరిశీలించి, పతనకాలంగా భావించిన 18వ శతాబ్దపు తొలి దశలలో కొన్నిచోట్ల ఆర్థికవృద్ధి కూడా ఉన్నదని చూపారు.

పారశీక దస్తావేజులు ప్రధానంగా ప్రభుత్వ దృష్టినే తెలుపుతాయి. శిస్తు ఎంత వచ్చినదో వాటిలో ఉంటుంది; చెల్లించిన రైతు ఏమనుకొన్నాడో అరుదుగా ఉంటుంది. అందువలన దక్కను చరిత్రను పరిశోధించే విద్యార్థికి పారశీకంతో పాటు తెలుగు, మరాఠీ ఆధారాలు, గ్రామ కైఫియత్తులు కూడా చదువగల శక్తి అవసరం.