క్లబ్బు లేని వేటగాడు

తుమ్మలపల్లె అంటే ఇప్పుడు యురేనియం గని. కానీ నేను మా కడప జిల్లా వేట చరిత్ర వెతుకుతూ ముందు ఊటీకి వెళ్లాల్సి వచ్చింది. రెండూ ఒకప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీయే. జింకలూ దుప్పులూ తగ్గిపోతున్నాయని అక్కడి దొరలు 1879లో ఒక చట్టం తెచ్చుకున్నారు. వాళ్ల నీలగిరి గేమ్ అసోసియేషన్ తర్వాత్తర్వాత వన్యప్రాణి సంఘమైంది. లైసెన్సులు, సీజన్లు పెట్టారు. లైసెన్సు లేనివాడు దొంగ వేటగాడు.

మా జిల్లా కథలో క్లబ్బు లేదు, ఐతన్న ఉన్నాడు. తుమ్మలపల్లెకి దూరంగా, జిల్లాకి తూర్పున లంకమల కొండల కింద రెడ్డిపల్లె వేటగాడు. అక్కడ కలివి పొదల మధ్య తిరిగే కలివికోడి 1900 తర్వాత శాస్త్రవేత్తలెవరికీ కనబడలేదు, అంతరించిందనే అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ తరఫున భరత్ భూషణ్ వచ్చి ఊళ్లలో అడుగుతూ తిరిగాడు. 1986 జనవరిలో ఒక రాత్రి ఐతన్న లైటు వేసి పిట్టని ప్రాణాలతో పట్టేశాడు. పగలు వెతికితే దొరికే పిట్ట కాదది, పొదల్లో దాక్కుని చీకటి పడ్డాకే తిరుగుతుంది. అది వేటగాడి విద్య. 1972 చట్టం నేరమన్నదీ ఆ విద్యనే, సైన్సుకి అక్కరకొచ్చిందీ అదే! పాపం, ఆ పిట్ట బతకలేదు.

తర్వాత లంకమల అభయారణ్యమైంది. తెలుగుగంగ కాలువ ఆ పొదల మీదకొస్తే దారి మళ్లించారు. పిట్ట ఇంగ్లీషు పేరులో ఇప్పటికీ జెర్డన్ దొరే ఉన్నాడు.