జె. రామేశ్వరరావు

జనుంపల్లి రామేశ్వరరావు (1923–1998) వనపర్తి సంస్థానపు చివరి పాలకుడు, భారత దౌత్యవేత్త, లోక్‌సభ సభ్యుడు, ప్రచురణకర్త. వనపర్తి రాజవంశీకుల్లో ఈ పేరు గల మూడవ వ్యక్తి.

నేపథ్యం: గద్వాల మాదిరిగానే వనపర్తి కూడా నిజాంకు కప్పం చెల్లించిన పాలమూరు ప్రాంత సంస్థానం. 1948లో హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమైంది. 1949లో వెలువడిన జాగీర్ల రద్దు ఉత్తర్వుతో హైదరాబాదు రాజ్యంలో జాగీర్దారీ పాలన ముగిసింది.

దౌత్య సేవ: స్వాతంత్ర్యానంతరం పలువురు రాజకుటుంబీకులు విదేశాంగ సేవలో చేరారు. ఔంధ్ రాజకుటుంబానికి చెందిన అప్పాసాహెబ్ పంత్ 1948లో నైరోబీలో భారత కమిషనర్‌గా నియమితులయ్యారు. రామేశ్వరరావు కూడా తొలుత నైరోబీ కార్యాలయంలో పనిచేశారు. తరువాత 1950ల మధ్యకాలంలో గోల్డ్ కోస్ట్, నైజీరియాలకు భారత కమిషనర్‌గా అక్రాలో వ్యవహరించారు. అప్పటికి ఆ రెండూ బ్రిటిష్ పాలనలో ఉన్నందున రాయబారికి బదులు కమిషనర్ హోదా ఉండేది. గోల్డ్ కోస్ట్ 1957 మార్చి 6న ఘనాగా స్వతంత్రమైంది.

తదుపరి జీవితం: కాంగ్రెస్ తరఫున 1957లో మహబూబ్‌నగర్ నుంచి, 1962లో గద్వాల నుంచి, 1967లో తిరిగి మహబూబ్‌నగర్ నుంచి, 1971లో తెలంగాణ ప్రజా సమితి తరఫున మహబూబ్‌నగర్ నుంచే లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఓరియంట్ లాంగ్‌మన్ ప్రచురణ సంస్థకు అధ్యక్షత వహించారు. ఆ సంస్థ ప్రస్తుత పేరు ఓరియంట్ బ్లాక్‌స్వాన్. ఆయన భార్య, రచయిత్రి శాంతా రామేశ్వరరావు 1961లో హైదరాబాదులో విద్యారణ్య పాఠశాలను స్థాపించారు. వనపర్తి రాజప్రాసాదంలో ప్రస్తుతం ప్రభుత్వ పాలిటెక్నిక్ కళాశాల నడుస్తోంది.