ఎండకు కొదవలేని జిల్లాలో డి విటమిన్ కథ

నల్లగొండ జిల్లాలో మోకాలు పట్టేసినా, నడుము వంగకపోయినా జనం ముందు బోరునే తిడతారు. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు “ఫ్లోరైడ్ నీళ్లు తాగినోళ్లం, ఇంకెట్లుంటది” అన్న మాట ముసలివాళ్ల నోట తరచూ వినిపిస్తుంది. అందులో నిజముంది. అయితే ఆ నిజం ఎంత గట్టిగా నాటుకుపోయిందంటే, అదే నొప్పికి మరో కారణం ఉండొచ్చన్న ఆలోచన రావడానికి చాలాకాలం పట్టింది.

తెలుగు నేలలో ఎముకల ఫ్లోరోసిస్‌ను మొదట పట్టుకున్నది నల్లగొండలో కాదు. 1937లో షార్ట్, ఆయన సహచరులు నాటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా రోగులను పరీక్షించి ఈ జబ్బును వర్ణించారు. నల్లగొండ వంతు 1955లో వచ్చింది. సిద్దిఖీ రాసిన వ్యాసం ఆ ఏడాది బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయింది. ఇక్కడి గ్రానైటు రాళ్లలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఎక్కువ. వాన తక్కువ కాబట్టి నీరు ఆ రాళ్లను ఒరుసుకుంటూ ఏళ్ల తరబడి లోపలే నిలిచిపోతుంది. బావులెండి బోర్లు లోతుకు దిగేకొద్దీ ఫ్లోరైడ్ పెరిగింది. తాగే నీటిలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని హద్దు.

ఫ్లోరోసిస్ రోగి ముంజేతి ఎక్స్‌రే చూడండి. రెండు ఎముకల మధ్య సాగి ఉండే పలుచని పొర మామూలుగా ఫిల్ములో కనబడదు. ఫ్లోరోసిస్‌లో దానికి సున్నం పట్టి, ఎముక అంచు నుంచి ముళ్లలా పొడుచుకొస్తుంది. ఆ పొర సంయోజక కణజాలమే. వెన్నుపూసల చుట్టూ ఉన్న కట్లకూ ఇదే గతి పట్టడంతో మెడ తిరగదు, గడ్డం రొమ్ముకు ఆనదు. వెన్ను బిగుసుకుపోయే స్పాండిలైటిస్ అనే వాత రోగమూ పైకి ఇలాగే ఉంటుంది కనుక, పొరపాటు పడటానికి పల్లె డాక్టరే కానక్కర్లేదు.

అసలు చిక్కు 1973లో బయటపడింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో మరో రకం రోగులను చూపించారు. వీళ్లు వెన్ను బిగిసిన ముసలివాళ్లు కారు, మోకాళ్లు లోపలికి వంగి ఒకదానికొకటి తగిలే కుర్రవాళ్లు. ఫ్లోరైడ్ ఎముకను గట్టిపరుస్తుందని చదువుకున్న డాక్టర్లకు ఇక్కడ గుల్లబారిన ఎముకలు ఎదురయ్యాయి. ఆ సంస్థవారు జొన్న తిండినీ, అందులోని మాలిబ్డినమ్‌నూ, ఒంట్లో తగ్గే రాగినీ అనుమానించారు. నాగార్జునసాగర్ వచ్చాక భూగర్భ జలం మారడమూ వారి లెక్కలోకి వచ్చింది. 1976లో ఇలాంటి రోగుల రక్తంలో పారాథైరాయిడ్ హార్మోను ఎక్కువగా ఉందని తేల్చారు. కాల్షియం చాలనప్పుడు ఎముకను కరిగించి రక్తానికి అందించే హార్మోను అది. నా లెక్కన ఈ కథలో మలుపు ఇదే. దోషం నీటిదొక్కటే కాదు, పళ్లెంలోనూ ఉందని ఇక్కడ తేలింది. పాలూ పెరుగూ లేని ఇంట్లో ఫ్లోరైడ్ రెండింతలు కాటేస్తుంది.

కాల్షియం పేగుల్లోంచి ఒంటికి పట్టాలంటే డి విటమిన్ కావాలి. దానికి ఆ పేరు 1922లో మెక్‌కాలమ్ పెట్టాడు. బెర్లిన్‌లో హుల్డ్‌షిన్‌స్కీ అంతకు మూడేళ్ల ముందే అతినీలలోహిత దీపాలతో పిల్లల రికెట్స్ నయం చేశాడు. ఎండ లేని దేశాల గొడవ మనకెందుకులే అని ఇక్కడ చాన్నాళ్లు ధీమాగా ఉన్నారు. తిరుపతిలో హరినారాయణ్ బృందం చేసిన పరిశోధనలు ఆ ధీమాను కూల్చాయి. 2007లో అచ్చయిన వాళ్ల వ్యాసం ప్రకారం ఆరోగ్యంగా ఉన్న పల్లె ఆడవాళ్లలోనూ ఎక్కువమందికి డి లోటే. తిండిలో కాల్షియం తక్కువ, దాన్ని పట్టి ఉంచే ఫైటేట్ ఎక్కువ. చర్మంలో డి బాగా తయారయ్యేది పదకొండు నుంచి రెండు గంటల మధ్యేనని కూడా అదే బృందం తేల్చింది. కైకిలికి పోయే ఆడమనిషి ఆ వేళ నెత్తిన కొంగు, ఒంటిపై మగవాళ్ల పొడుగు చేతుల చొక్కా వేసుకుని పత్తి ఏరుతుంది. పాలమూరు నుంచి వలసపోయిన అమ్మాయి నగరంలో ఏ అపార్ట్‌మెంట్‌లోనో పనిచేస్తే ఆ మాత్రం ఎండా దొరకదు.

మన రక్షణ కణాలు మన ఒంటి మీదే తిరగబడే ఆటోఇమ్యూన్ జబ్బులతో డి విటమిన్‌కు లంకె కుదిరింది 1983లో. మనిషి రక్తంలోని లింఫోసైట్లలో డి గ్రాహకాలున్నాయని అప్పుడు కనుగొన్నారు. ఎముకతో పనిలేని కణానికి ఈ విటమిన్ ఎందుకన్న ప్రశ్న లూపస్, కీళ్లవాతం లాంటి ఆటోఇమ్యూన్ జబ్బుల దాకా నడిచింది. లూపస్‌లో ముడి ఇంకా బిగుస్తుంది. ఎండ తగిలితే దద్దురు లేస్తుంది, జబ్బు రేగుతుంది. అందుకని డాక్టరు ఎండకు పోవద్దంటాడు, దాంతో డి పడిపోతుంది. లోటు వల్ల జబ్బు వచ్చిందా, జబ్బు వల్ల లోటు వచ్చిందా అన్నది రక్తపరీక్ష ఒక్కటే చెప్పలేదు.

2022లో అమెరికా నుంచి కొంత జవాబు వచ్చింది. 25,871 మందిపై ఐదేళ్లకు పైగా సాగిన వైటల్ పరిశోధనలో రోజుకు 2,000 యూనిట్ల డి తీసుకున్నవారికి కొత్తగా ఆటోఇమ్యూన్ జబ్బులు 22 శాతం తక్కువగా వచ్చాయి. వాళ్లంతా యాభై దాటినవారు. లూపస్ ఎక్కువగా పట్టేది పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లను. పైగా ఇది రాకుండా చూసుకునే సంగతి, వచ్చినదాన్ని కుదిర్చే సంగతి కాదు. మన మందుల షాపుల్లో అడిగిందే తడవుగా చేతిలో పెట్టే 60,000 యూనిట్ల ప్యాకెట్‌కూ ఈ లెక్కకూ పోలికే లేదు.

ఈలోగా నీళ్లు మారాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీకి దిగి బ్యాలెట్‌ను పుస్తకమంత చేసింది నీళ్ల గోడు ఢిల్లీకి వినిపించడానికే. చివరికి మిషన్ భగీరథ నల్లాలు వచ్చాయి. పాత ఫ్లోరోసిస్ ఎముకలు వెనక్కి మారవు గానీ, ఇకమీదట ఇరవై ఏళ్ల పిల్ల కీళ్లు వాచి వస్తే తప్పంతా నీళ్ల మీదికి నెట్టడం కుదరదు. రక్తంలో ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైము ఫ్లోరోసిస్‌లోనూ పెరుగుతుంది, డి లోటుతో మెత్తబడ్డ ఎముకల్లోనూ పెరుగుతుంది. లూపస్ అనుమానమొస్తే ఏఎన్ఏ, కీళ్లవాతమైతే యాంటీ సీసీపీ చూడాలి. ముంజేతి ఎక్స్‌రే, కాల్షియం, డి, ఈ రెండు పరీక్షలూ ఒకే చీటీ మీద రాయించుకుంటే ఏ నొప్పి ఏ దారిన వచ్చిందో చాలావరకు తేలిపోతుంది.